అల్బనీ పోలీస్ చీఫ్

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఈ మధ్య ఒకాయన గురించి చదివాను. నీకు చెప్పకపోతే మనసు ఊరుకునేలా లేదు.

పేరు లారీ ప్రిచెట్. అమెరికాలో జార్జియా రాష్ట్రం, అల్బనీ ఊరు. 1959 నుంచి 1966 దాకా అక్కడ పోలీస్ చీఫ్. బస్టాండులో నల్లజాతి వాళ్లకి వెయిటింగ్ రూము కూడా వేరుగా ఉన్న రోజులు. ఆ కాలపు పోలీసులంటే మనకి బుల్ కానరే గుర్తొస్తాడు కదా, 1963లో బర్మింగ్‌హామ్‌లో పిల్లల మీదికి కుక్కల్ని ఉసిగొల్పినవాడు. ప్రిచెట్ ఆ రకం కాదు. 1961లో అల్బనీలో ఈ వివక్ష మీద నల్లజాతి వాళ్ల ఉద్యమం రాజుకోగానే మార్టిన్ లూథర్ కింగ్ పద్ధతి ఏమిటా అని చదివాడట. అలా మన గాంధీగారి దగ్గర తేలాడు. అదేరా, జైల్ భరో, అంటే అందరూ అరెస్టయి జైళ్లు నింపేయడం! వెంటనే మ్యాపు ముందేసుకుని, చుట్టుపక్కల ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో ఎంతమంది పడతారో చూసుకుని, అక్కడి పోలీసు అధికారులైన షెరీఫ్‌లతో ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. తన పోలీసులకేమో కెమెరాల ముందు లాఠీ ఎత్తొద్దని ట్రైనింగ్. కేసు కూడా జాతి వివక్ష చట్టం కింద కాదు, శాంతిభంగం, పర్మిషన్ లేని ఊరేగింపు అని రాయించేవాడు. వివక్ష కేసని ఫెడరల్ కోర్టుకి, అంటే కేంద్ర ప్రభుత్వపు కోర్టుకి, దొరక్కూడదు కదా. ఆ డిసెంబర్‌లో 700 మందికి పైగా అరెస్టయ్యారు, అయినా అల్బనీ జైలు నిండలేదు.

1962 జులైలో కింగ్‌కి 45 రోజుల జైలు, లేదంటే 178 డాలర్ల జరిమానా అన్నారు. ఆయన జైలుకే వెళ్లాడు. రెండు రోజులకే ఎవరో జరిమానా కట్టారని చెప్పి బయటికి పంపేశారు! ఊరి పెద్దలే ఆ ఏర్పాటు చేశారని తర్వాత తెలిసింది.

పేపర్లు చీఫ్‌ని తెగ మెచ్చుకున్నాయి. నాకు ఒళ్లు మండేది అక్కడేరా. దూరపు జైళ్లకి ఏ కెమెరా వెళ్లలేదు. అదే జులైలో మారియన్ కింగ్ అనే ఆవిడ, ఉద్యమ నాయకుడు స్లేటర్ కింగ్ భార్య, ఆ దూరపు జైళ్లలో ఒకటైన కమిల్లా జైల్లో ఉన్నవాళ్లకి తిండి తీసుకెళ్లింది. గర్భిణి. చంకలో చిన్నపిల్ల. అక్కడి డెప్యూటీలు ఆవిణ్ని కొట్టి కింద పడేశారు. కడుపులో బిడ్డ దక్కలేదు. మర్నాడు అల్బనీ వీధిలో కడుపు మండిన జనం కొందరు రాళ్లు, సీసాలు విసిరితే, అహింస రాళ్లు చూశారా అని విలేకరులతో వెటకారమాడాడు ప్రిచెట్. తన చేతికి రక్తం అంటలేదు, నిజమే. కానీ ఆ మనుషుల్ని అక్కడికి పంపింది ఆయన మ్యాపే కదరా?

తర్వాత నార్త్ కరోలినాలో హై పాయింట్ ఊరికి చీఫ్‌గా వెళ్లాడు, 2000లో పోయాడు. తన పెళ్లిరోజని తెలిసి మార్టిన్ లూథర్ కింగ్ ఆ రాత్రికి ఊరేగింపులు ఆపించాడని, తామిద్దరూ మంచి మిత్రులయ్యారని చెప్పుకునేవాడు. ఆ మాట అబద్ధమని నేననను. కింగ్ అలాంటి మనిషే. కానీ దాన్నిబట్టి ప్రిచెట్‌ని మంచి పోలీసు అనడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.

మీ నాన్నగారు డిపార్ట్‌మెంట్‌లో చేశారు కదా, ఆయన్నొకసారి అడుగు, ఏమంటారో రాయి.

నీ
రవి