2025-26 వార్షిక నివేదిక: ఊరి పుస్తకాల దగ్గరే శిక్షణ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో పెద్దది పంచాయతీ కార్యదర్శులకు, కొత్త సర్పంచులకు, వార్డు సభ్యులకు ఇచ్చిన శిక్షణ. అందుకే నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాం.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ పంచాయతీల్లో పాత పాలకవర్గాల గడువు తీరాక ఊళ్లు దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో నడిచాయి. వాళ్లకు తమ శాఖ పనే బోలెడు. ఊరి బరువంతా కార్యదర్శి నెత్తిన పడ్డది. 2025 డిసెంబరులో మూడు విడతల్లో ఎన్నికలు జరిగి కొత్తవాళ్లు వచ్చారు. చాలామంది అంతకు ముందు క్యాష్‌బుక్ తెరిచి చూసినవాళ్లు కాదు.

మొదటి తరగతి హనుమకొండలో హాలు తీసుకుని పెట్టాం. పిలిచిన వక్త పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, పంచాయతీలకు అప్పగించదగ్గ పనులుగా పదకొండో షెడ్యూలులో ఉన్న 29 అంశాల గురించి మధ్యాహ్నం దాకా చెప్పారు. తెలియాల్సిన విషయమే. కానీ భోజనాల దగ్గర ఒక వార్డు సభ్యురాలు మమ్మల్ని ఆపి, "సారూ, మా ఊరికొచ్చే పైసలల్ల మోరీలకు ఎంత పెట్టొచ్చు? అది ఎవరూ చెప్తలేరు" అని అడిగారు. కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే పెట్టాలని, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని, జీతాలకు మాత్రం వాడొద్దని అక్కడే చెప్పాం. ఆమె పళ్లెం పక్కన పెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నారు. ఆ రోజే హాలు వదిలేయాలని అనుకున్నాం.

తర్వాతి తరగతులన్నీ పంచాయతీ ఆఫీసుల్లోనే జరిగాయి. ఆడిట్‌లో పనిచేసి రిటైరైన మన సభ్యులు ఆ ఊరి పుస్తకాలనే ముందు పెట్టుకుని కూర్చున్నారు. ధర్మసాగర్ మండలంలో ఒక ఊళ్లో వీధిదీపాల బిల్లు ఉంది, చెల్లింపూ ఉంది, స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం బల్బుల ఊసే లేదు. "ఆడిట్‌కు ఏం చెప్పాలి సార్" అని కార్యదర్శి టెన్షన్ పడ్డారు. తప్పు చేయలేదు పాపం, ఎట్లా రాయాలో ఎవరూ చూపించలేదు. బల్బులు వచ్చిన రోజే ఎక్కించడం, ఇచ్చేటప్పుడు స్తంభం నంబరు వేసి ఎలక్ట్రీషియన్ సంతకం తీసుకోవడం ఆ పుస్తకంలోనే చేయించాం. గంట పట్టింది. హాలులో రోజంతా చెప్పినా ఇంత ఎక్కేది కాదు.

గ్రామసభ విషయం గట్టిగా పట్టించుకున్నాం. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి. సభ అయ్యాక ఇంటింటికీ రిజిస్టర్ తిప్పి సంతకాలు తీసుకునే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అది మానాలి. తీర్మానం జనం ముందే రాసి, పైకి చదివి వినిపించి, అప్పుడు సంతకాలు పెట్టించడం నేర్పాం.

ఇంకో మాట. సీట్లలో సగం మహిళలవి. శిక్షణకు మాత్రం కొందరి భర్తలు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. గెలిచిన మనిషే కూర్చోవాలని మర్యాదగానే చెప్పాం. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. అయినా ఈ నియమం సడలించేది లేదు. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి. లెక్క తెలియకుండా పెట్టే సంతకానికి రేపు జవాబు చెప్పాల్సింది ఆమెనే.

జనవరిలో కార్యదర్శులకు మేడారం మహాజాతర డ్యూటీలు పడటంతో రెండు తరగతులు ఫిబ్రవరికి వాయిదా వేశాం. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లికి ఒక రోజు తీసుకుపోయాం. ఊరివాళ్లే కమిటీలు వేసుకుని నీళ్లు, పారిశుధ్యం చూసుకునే తీరు కళ్లారా చూశాక కార్యదర్శుల ప్రశ్నలు వేరుగా వచ్చాయి.

రక్తదాన శిబిరం, చలివేంద్రం ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చుల పత్రం జతపరిచాం.

వచ్చే ఏడాది ఏ ఇంటి నుంచి ఎంత పన్ను రావాలో రాసే ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్ మీద పనిచేయాలని కార్యవర్గం తీర్మానించింది. నెలలో రెండు రోజులు ఊళ్లకు రాగలిగిన సభ్యులు, ముఖ్యంగా రెవెన్యూ, ట్రెజరీల్లో పనిచేసినవారు, మహాసభ రోజున పేర్లు ఇవ్వండి. బస్సు చార్జీలు సంఘం భరిస్తుంది.

కార్యవర్గం తరఫున,
ప్రధాన కార్యదర్శి, హనుమకొండ