సాయం ఆపేముందు గడువు ఇవ్వొద్దా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా విదేశీ సాయం ఆపేయడంపై ‘ఎవరి డబ్బు వాళ్లిష్టం’ అనే మాట తరచూ వినిపిస్తోంది. డబ్బు వాళ్లదే, కాదనను. ఆపిన తీరే బాగాలేదు. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఒక్క సంతకంతో 90 రోజుల పాటు సాయాన్ని నిలిపేశారు. జులై 1 నాటికి, 1961లో అధ్యక్షుడు కెనెడీ నెలకొల్పిన విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కథే ముగిసింది. ఇంతా చేస్తే వాళ్ల బడ్జెట్‌లో ఈ సాయం వాటా ఒక శాతం అటూ ఇటూ!

హెచ్‌ఐవీ మందు ఒక నెల మానేసి మరో నెల వేసుకునేది కాదు. జార్జ్ డబ్ల్యూ బుష్ 2003లో మొదలుపెట్టిన హెచ్‌ఐవీ చికిత్స సాయం ‘పెప్‌ఫార్’ పథకం వల్ల ఆఫ్రికాలో లక్షల మంది రోజూ మాత్ర వేసుకుని మామూలుగా బతుకుతున్నారు. ఆ మాత్రల్లో మన హైదరాబాద్ కంపెనీలు తయారుచేసినవీ ఉన్నాయి. నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో అమెరికా సాయంతో తెరిచిన మిత్ర్ క్లినిక్ కూడా ఆ దెబ్బకు మూతపడింది. వేరే దాతలు ముందుకొచ్చాకే మళ్లీ నడుస్తోంది.

అలాగని పాత సాయం నిస్వార్థమేమీ కాదు. 1965-66లో మన దేశంలో కరవొచ్చినప్పుడు పీఎల్-480 (అమెరికా ఆహార సాయ చట్టం) కింద ఇచ్చే గోధుమలను అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ కొద్దికొద్దిగా లెక్కగట్టి వదిలారు. వియత్నాం యుద్ధాన్ని మనం తప్పుబట్టామన్న కోపం కూడా అందులో ఉంది. అయినా ఓడలు రావడం మానలేదు.

సాయం తగ్గించుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. కానీ అవతలి ప్రభుత్వం సర్దుకోవడానికి ఏడాదో రెండేళ్లో గడువివ్వాలి. 2022 సంక్షోభంలో శ్రీలంకకు దాదాపు 400 కోట్ల డాలర్ల మేర చేయందించిన మన దేశం కూడా ఇకపై ఇలాంటి ఒప్పందాల్లో ఆ గడువును ముందే రాసిపెట్టాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు