చంక దగ్గర రెండు వేళ్ల సందు

చిన్నా,

స్టార్ వార్స్ సినిమాలో తెల్ల కవచం సైనికుడు స్టార్మ్ ట్రూపర్ ఉంటాడే, కామిక్స్, సినిమా అభిమానుల జాతర కామిక్ కాన్‌కి వేసుకెళ్లడానికి నువ్వు చేసుకుంటున్న ఆ కవచం ఫోటోలు పంపావుగా, రాత్రి షాపు కట్టేశాక కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. ఛాతీ పలక ఎంత నున్నగా వచ్చిందో! అంచుల దగ్గర బ్లేడు ఎక్కడా వణకలేదు. చిన్నప్పుడు కత్తెర పట్టుకోవడమే రాని చెయ్యి ఇదేనా అనిపించింది. పిల్లల గదుల్లో నేల మీద పరిచే మెత్తటి ఫోమ్ చాపలతో ఇంత పని చేయొచ్చని నువ్వు చూపించేదాకా నాకు తెలియదు.

కానీ నాన్నా, మూడో ఫోటోలో చెయ్యి పైకెత్తావు చూడు, దాన్ని పెద్దది చేసి చూశాను. పలక అంచు చంకలోకి పోయి పొడుస్తోంది. నువ్వు నవ్వుతున్నావు గానీ నీ కుడి భుజం చెవి దాకా లేచి ఉంది. ఇన్నేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, నాకు తెలుసు. ట్రయల్ వేసుకున్నవాళ్లు నోటితో "బాగుందక్కా" అంటారు. బిగుతు ఎక్కడుందో భుజం చెబుతుంది.

చంక దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు వదులు. అది కూడా నిలబడి ఉన్నప్పుడు కాదు, చెయ్యి ముందుకు చాచినప్పుడు చూసుకో. బట్ట అయితే కాస్త సాగుతుంది, పది మిల్లీమీటర్ల ఫోమ్ సాగదు. జాకెట్‌కి లోపల కుట్టు వదులుతాం కాబట్టి తర్వాత విప్పుకోవచ్చు. నువ్వు వాడే ఆ పసుపు గమ్ముకి ఆ వీలు లేదు. రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక కలిపితే ఇక అంతే, పక్కకి జరపడానికి కూడా ఉండదు. అందుకే ముందు అట్టతో చేసుకో. ఇంట్లో పాత క్యాలెండర్లు పారేయకుండా దాచాను, పంపిస్తాను. అట్ట మీద తప్పు చేస్తే పోయేది అట్టే.

ఛాతీ గుండ్రంగా రావడానికి హీట్ గన్‌తో వేడి చేసి బిందె మీద వంచానన్నావు. అది కొంతవరకే పనికొస్తుంది. చల్లారేటప్పుడు గట్టిగా పట్టుకోకపోతే మళ్లీ చదునుగా అవుతుంది. దానికంటే డాట్ వెయ్యి. జాకెట్ ఛాతీ దగ్గర నేను వేస్తానే, సన్నటి త్రికోణం తీసేసి రెండంచులూ కలిపేది, అదే. కలపగానే గుండ్రం దానంతటదే లేస్తుంది, ఏ బిందే అక్కర్లేదు. ఇంకా బాగా రావాలంటే ప్రిన్సెస్ కట్ లాగా భుజం నుంచి నడుము దాకా పొడుగ్గా ఒక గీత తీసుకుని పలకని రెండు ముక్కలు చెయ్యి. ఒకటే గుర్తుపెట్టుకో. ఫోమ్ మందం కాబట్టి అంచులు నిటారుగా కోస్తే కలిపినచోట పైన నోరు తెరుచుకుంటుంది. బ్లేడుని లోపలి వైపుకి ఏటవాలుగా పట్టుకో. నాలుగు కోతలకొకసారి బ్లేడు విరిచి కొత్త మొన తీసుకో. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ని కొయ్యదు, కొరుకుతుంది.

నీ ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టించుకుని, పైన మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గీతలు గీసి, కత్తిరించి పలకల కొలతలు తీసుకున్నావని విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో. అది అచ్చంగా మా పనేరా. మనిషి ఒంటి మీదే బట్ట పెట్టి కత్తిరించడం కన్నా గొప్ప కొలత ఏ టేపూ ఇవ్వదు.

భుజాల మీద పెట్టుకునే గుండ్రటి డిప్పల గురించి కూడా చెప్పాలి. వాటిని ఛాతీ పలకకి అతికించేశావు, నీకు చెయ్యి లేవకపోవడానికి సగం కారణం అదే. తాతయ్య తెనాలిలో నాటకాల వాళ్లకి డ్రస్సులు కుట్టేవాడని నీకు తెలుసుగా. అట్ట మీద మఖమల్ అంటించి, అద్దాలూ తళుకులూ కుట్టి భుజకీర్తులు చేసేవాడు. వాటిని ఎప్పుడూ చొక్కాకి కుట్టేసేవాడు కాదు. నాడాలతో భుజం మీద కట్టి, కింద చేతికి ఒక పట్టీ పెట్టేవాడు. "పద్యం ఎత్తుకున్నప్పుడు భీముడు చెయ్యి చాచాలమ్మా, గద ఎత్తాలి, భుజకీర్తి వాడితో పాటు కదలాలి" అనేవాడు. నువ్వు పెట్టుకునేది కూడా భుజకీర్తే. వెడల్పు ఎలాస్టిక్ వేసి మెడ దగ్గర పట్టీకి వేలాడదియ్యి. పలకల మధ్య టిచ్ బటన్లు పెట్టు, వెల్‌క్రో చెమటకి ఊడిపోతుంది. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా, కాసేపు కూర్చోవాలన్నా ఒక్కడివే విప్పుకోగలగాలి కదా.

ఆ తెల్ల కవచం మీద బ్రిటన్‌లో కోర్టు కేసు నడిచిందని చెప్పావు గుర్తుందా? 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా కోసం ఆ స్టార్మ్ ట్రూపర్ హెల్మెట్లు తయారుచేసిన ఆండ్రూ ఎయిన్స్‌వర్త్, ప్లాస్టిక్ షీటుని వేడి చేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేసి వాటిని చేశాడట. తర్వాత తనే మళ్లీ చేసి అమ్ముకుంటుంటే సినిమా కంపెనీ కోర్టుకి వెళ్లింది. హెల్మెట్ శిల్పమా కాదా అన్నది ప్రశ్న. 2011లో అక్కడి సుప్రీంకోర్టు శిల్పం కాదు, సినిమా తీయడానికి వాడిన వస్తువు అంది. చట్టం సంగతి నాకు తెలియదు గానీ ఆ మాట నాకు నచ్చింది. శిల్పం నిలబడితే చాలు. ఒంటి మీద వేసుకున్నది మనిషితో పాటు నడవాలి, వంగాలి, ఊపిరి తీసుకోవాలి.

ఊపిరి అన్నాను కాబట్టి హెల్మెట్ గురించి రాస్తున్నాను. ఇది మాత్రం జాగ్రత్తగా చదువు.

నువ్వు మూడో క్లాసులో ఉన్నప్పుడు స్కూల్ యానివర్సరీకి నీకు వ్యోమగామి డ్రస్సు కుట్టాను. వెండి రంగు రెక్సిన్. పెద్ద బెలూన్ మీద మైదా జిగురుతో పేపర్లు అంటించి హెల్మెట్ చేశాను, ముందు పారదర్శకమైన షీటు. చుట్టూ ఎక్కడా సందు లేకుండా అతికించాను, అప్పుడే చూడ్డానికి నీటుగా ఉంటుందని. ఎండలో స్టేజీ వెనక అరగంట నిలబెట్టారు. నేను వచ్చి చూసేసరికి షీటు లోపలంతా ఆవిరి, నీ మొహమే కనపడలేదు. గోళ్లతో చింపేశాను. నువ్వు వాంతి చేసుకున్నావు, పెదాలు తెల్లగా పాలిపోయాయి. ఊపిరి అందగానే నువ్వన్న మొదటి మాట "అమ్మా, హెల్మెట్ పాడైపోయింది" అని. ఆ రోజు తప్పు నాదే. అది ఇప్పటికీ నాకు నిద్రలో వస్తుంది.

అందుకని గడ్డం కింద, చెవుల దగ్గర, వెనక మెడ మీద రంధ్రాలు పెట్టు. బయటికి కనపడకుండా లోపల నల్ల జాలీ బట్ట అంటించు, మీటరు కొని ఉంచాను. కంప్యూటర్లలో ఉండే చిన్న ఫ్యాన్లు రెండు పెట్టి పవర్ బ్యాంకుకి కలుపుతానన్నావు, తప్పకుండా పెట్టు. ఒకటి గాలి లోపలికి తేవాలి, ఇంకొకటి బయటికి పంపాలి. ఆ హెల్మెట్లలో చూపు కూడా సరిగ్గా ఆనదు. ఆ సినిమాలోనే ఒక సైనికుడు తలుపుకి తల కొట్టుకోవడం నువ్వే ఆపి ఆపి చూపించావు. హైదరాబాద్ హైటెక్స్‌లో కామిక్ కాన్ రోజు ఎంత జనం ఉంటారో ఫోటోల్లో చూశాను. చిన్న పిల్లలు కాళ్లకి అడ్డం పడతారు. పక్కన ఒక ఫ్రెండ్ నీళ్ల బాటిల్ పట్టుకుని ఉండాలి, ఇది నాకు మాటివ్వు. ఆ గమ్ము కూడా హాస్టల్ గదిలో తలుపులు మూసుకుని పూయొద్దు. దాని వాసనకి తల తిరుగుతుంది. మేడ మీద పూసుకో, ఫోమ్ వేడి చేసేదీ అక్కడే చెయ్యి. అరగదీసేటప్పుడు మాస్కు పెట్టుకో.

నీకొక మాట చెప్పాలి. పోయిన సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు "ఈ చాప ముక్కలతో ఏం సాధిస్తావురా" అన్నాను. నువ్వేమీ అనలేదు, ముక్కలన్నీ ఏరి సంచిలో పెట్టుకున్నావు. తర్వాత మిర్టిల్ డగ్లస్ గురించి చెప్పావు. 1939లో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకి ఆమె, ఆమె స్నేహితుడు ఫారెస్ట్ ఆకర్మన్ భవిష్యత్ కాలపు మనుషుల్లా వేషాలు వేసుకుని వెళ్లారని, ఆ రెండు డ్రస్సులూ ఆమే కుట్టిందని. మీరందరూ ఇప్పుడు చేస్తున్న దానికి మొదలు ఒక ఆడమనిషి కుట్టిన బట్టలన్నమాట. షాపులో మిషన్ ముందు కూర్చున్నప్పుడల్లా ఆమె గుర్తొస్తోంది.

ఆల్బిన్ జాన్సన్ కథ అయితే విని ఆ రాత్రంతా పడుకోలేదు. కారు ప్రమాదంలో కాలు పోయిన మనిషి. 1997లో ఈ తెల్ల కవచం వేసుకునేవాళ్లతో అమెరికాలో ఒక బృందం పెట్టాడు, ఫైవ్ నాట్ ఫస్ట్ లీజియన్. ఆ కవచం వేసుకుంటే కృత్రిమ కాలు ఎవరికీ కనపడదు. అతని కూతురు కేటీకి మెదడులో క్యాన్సర్ వస్తే, తన పక్కన కాపలా ఉండటానికి సినిమాలో రోబో లాంటిది కావాలని అడిగింది. ఇళ్లలో అలాంటి రోబోలు చేసుకునేవాళ్లంతా కలిసి గులాబీ రంగులో ఒకటి చేయడానికి పూనుకున్నారు. ఆర్‌2-కేటీ అని పేరు. 2005లో ఆ పాప పోయింది, ఏడేళ్లకే. అంతకుముందే వాళ్లలో ఒకరు పంపిన గులాబీ రంగు రోబో ఆమెను చేరింది. ముక్కలు అతికించడం తెలిసినవాళ్లు ఆ ఇంటికి ఇవ్వగలిగింది అదీ. నేను అన్న మాటకి నన్ను క్షమించు నాన్నా.

లోపల వేసుకునే నల్ల డ్రస్సు నేనే కుడతాను, బయట కొనకు. చెమట పీల్చే హోజరీ బట్ట తెచ్చాను, చంకల దగ్గర వేరే ముక్క వేస్తాను, చెయ్యి ఎంతయినా లేస్తుంది. శనివారం పొద్దున రైలుకి వస్తాను, ట్రయల్ చూసి ఆ రోజే సరిచేసేద్దాం. ఛాతీ, నడుము, తొడ కొలతలు రేపటిలోగా పంపు. టేపు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకు, మామూలుగా వదిలి తియ్యి.

అమ్మ