ఆ పిల్లల మనసు గురించి కూడా రాయండి

సంపాదకులకు,

మీ ఎన్నారై పేజీలో స్పెల్లింగ్ బీ విజేతలనీ, కూచిపూడి రంగప్రవేశాలనీ చూసి సంతోషిస్తుంటాను. ఆ ఫొటోల పక్కన నెలకొకసారైనా, అమెరికాలోని తెలుగు సైకాలజిస్టులు తల్లిదండ్రులకు జవాబులిచ్చే శీర్షిక ఒకటి నడపండి. ప్రశ్న పంపినవారి పేర్లు మాత్రం వేయకండి. పేరు పడుతుందంటే ఎవరూ రాయరు.

మా అమ్మాయి కుటుంబం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటోంది. మనవడికి పదిహేడేళ్లు. నడక వచ్చీరాని వయసులో వెళ్లాడు. తండ్రిది హెచ్1బి అనే ఉద్యోగ వీసా, వీడిది దాని మీద ఆధారపడి కుటుంబానికి ఇచ్చే హెచ్4. 21 ఏళ్లు నిండితే ఆ హెచ్4 చెల్లదు. ఈలోగా గ్రీన్‌కార్డు రాకపోతే స్టూడెంట్ వీసాకు మారాలి, లేదా దేశం విడిచి రావాలి. ఉద్యోగాల కింద ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి. మనవాళ్ల వరుస కదలదు, పిల్లల వయసు ఆగదు. తోటి పిల్లలు వేసవిలో ఐస్‌క్రీమ్ షాపుల్లో పనిచేసి నాలుగు డాలర్లు సంపాదించుకుంటే వీడికి ఆ అనుమతి కూడా లేదు. ఆ మాట స్నేహితులకు చెప్పుకోలేక, తనకే ఇష్టం లేదంటాడట.

నిరుడు నేనక్కడ ఉండగానే అల్లుడి ఉద్యోగం పోయింది. వీసా నిలవాలంటే 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి. పిల్లాడు బెంగపడతాడని భార్యాభర్తలు గరాజ్‌లోకి వెళ్లి మాట్లాడుకునేవారు. వాడికి అన్నీ తెలుసు. ఒక రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, నాకు తెలుగు చదవడం రాదు కదా, ఇండియా కాలేజీలో చేర్చుకుంటారా?" అని అడిగాడు. అప్పటికి ఎన్నాళ్లుగా నిద్రపోవడం లేదో! అమ్మానాన్నలు దాచిన సంగతి వాడూ వాళ్ల దగ్గర దాస్తున్నాడు. దాచకండి, కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి అని అమ్మాయికి గట్టిగానే చెప్పాను.

ఇక్కడి బంధువులకూ ఒక మాట. వీడియో కాల్‌లో పిల్లాడు కనపడగానే "గ్రీన్‌కార్డు వచ్చిందా, శాట్ పరీక్షలో ఎంత?" అని అడగడం మానండి. ఆదివారం పూట ఫోన్ మోగితే వాడు బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకోవడం నేను కళ్లారా చూశాను.

12 ఏళ్లు నిండిన పిల్లలకు డిప్రెషన్, 8 నిండినవారికి ఆందోళన ఉన్నాయేమో పరీక్షించాలని 2022లో అక్కడి నిపుణుల బృందం సిఫార్సు చేసింది. చెకప్‌కు వెళితే ప్రశ్నల కాగితం ఇస్తారు. తల్లి పక్కనే కూర్చుంటే ఏ పిల్లాడు నిజం రాస్తాడు? ఆ కాసేపు బయటికి వెళ్లండి తల్లీ!

కౌన్సెలింగ్‌కు వెళితే గ్రీన్‌కార్డుకు అడ్డమని అక్కడ మనవాళ్లలో ఒక భయం ఉంది. గ్రీన్‌కార్డు కోసం చేసే మెడికల్ పరీక్షలో చూసేది తనకో, ఇతరులకో హాని చేసే ప్రవర్తనతో కూడిన రుగ్మతలను. దిగులుగా ఉందని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన కార్డు ఆగదు.

మనసు బాగాలేనప్పుడు అమెరికాలో 988 హెల్ప్‌లైన్‌కి ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. పేరు చెప్పక్కర్లేదు. వెనక్కి వచ్చేసిన కుటుంబాల పిల్లలకు మన దేశంలో టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. చోటు చాలక ఈ ఉత్తరం కుదించాల్సి వస్తే మా ఇంటి సంగతులన్నీ తీసేయండి, ఈ రెండు నంబర్లు మాత్రం ఉంచండి.

– ఒక రిటైర్డ్ లెక్కల టీచరు, తెనాలి