హంప్ లేని 200 మీటర్లు: క్రీడాశాఖ మంత్రిగారికి ఒక సైకిల్ మెకానిక్ బహిరంగ లేఖ

కర్ణాటక రాష్ట్ర క్రీడాశాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను బెంగళూరు కె.ఆర్.పురంలో సైకిల్ షాపు పెట్టుకున్న మెకానిక్‌ని. సొంతూరు మదనపల్లె. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. కన్నడం గలగలా మాట్లాడతాను గానీ, రాయాల్సి వచ్చేసరికి నా కన్నడం షాపు బోర్డు దాటదు. అందుకే తెలుగులో రాస్తున్నాను. మా పాప దీన్ని కన్నడంలోకి మార్చి మీ ఆఫీసుకి పంపుతుంది. నేరుగా మీకే పంపి ఊరుకోకుండా ఇలా నలుగురి ముందూ ఎందుకు పెట్టానంటే, కాగితం పట్టుకుని తిరగడం ఒకసారి అయిపోయింది. ఆ ముచ్చట తర్వాత చెప్తాను.

మా పాపకి పదహారేళ్ళు. సైకిల్ స్ప్రింట్ నేర్చుకుంటోంది. స్ప్రింట్ అంటే మీకు తెలిసే ఉంటుంది, చదివేవాళ్ళ కోసం చెప్తున్నాను. పోటీలో ఎవరు ఎవరితో తలపడాలో తేల్చడానికి ముందు ఒక్కొక్కరినీ విడిగా తొక్కిస్తారు. ట్రాక్ వాలుగా ఉంటుంది కదా, దాని పైఅంచు దాకా ఎక్కి, అక్కణ్ణుంచి దూకినట్టు కిందికి దిగి వేగం అందుకుంటారు. అప్పుడు ఒక గీత వస్తుంది. అక్కణ్ణుంచి ఆఖరి గీత దాకా 200 మీటర్లు. ఆ 200 మీటర్లకే టైము చూస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ వాడు హ్యారీ లావ్రేసన్ దాన్ని 9.088 సెకన్లలో దాటేశాడు. అప్పటికి అదే ప్రపంచ రికార్డు. గంటకి 79 కిలోమీటర్ల పైమాటే. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకి కూడా అంత యోగం లేదు.

ఇప్పుడు మా 200 మీటర్ల సంగతి వినండి. హొసకోటె వైపు ఇంకా ఇళ్ళు లేని ఒక లేఅవుట్ ఉంది. సైట్లు, రాళ్ళు, కొత్త తారు రోడ్డు. పోయిన ఏడాది ఒక ఆదివారం తెల్లవారుజామున పాప, నేను అక్కడికెళ్ళాం. టేపు నా దగ్గర లేదు. మా సైకిల్ చక్రం ఒక చుట్టు తిరిగితే 2 మీటర్ల 10 సెంటీమీటర్లు వెళ్తుంది. వాల్వు సరిగ్గా కిందికి వచ్చేలా పెట్టి, చేత్తో నడిపించుకుంటూ 95 చుట్లు లెక్కపెట్టాను. అంటే 199న్నర. ఇంకో అర మీటరు స్కేలుతో కలిపాను. మా ఆవిడ దగ్గర డబ్బాతో తెచ్చుకున్న ముగ్గుపిండితో మొదట ఒక గీత, చివర ఒక గీత వేశాం. నేను చివరి గీత దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిలబడ్డాను. పాప మొదటి గీత దాటేటప్పుడు ఒక కేక వేస్తుంది, నేను నొక్కుతాను. ఇదీ మా టైమింగ్ సిస్టం. సెకనులో వెయ్యోవంతు లెక్క కట్టే ఆటకి మేం కేకతో టైము చూసుకుంటున్నాం.

నాలుగు వారాలు బాగా నడిచింది. వాటర్ ట్యాంకర్ కారుకుంటూ పోతే గీత చెరిగేది, మళ్ళీ వేసుకునేవాళ్ళం. ఐదో వారం వెళ్ళేసరికి ఎవరో పుణ్యాత్ముడు రెండు గీతల మధ్యలో హంప్ వేశాడు. ఆ రోడ్డులో ఒక్క ఇల్లు లేదండీ. హంప్ మాత్రం ముందే వచ్చేసింది.

అప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాం. ఇంత పెద్ద బెంగళూరులో హంపూ గుంతా లేకుండా, కుక్కలు వెంటబడకుండా, 200 మీటర్లూ, దానికి ముందు వేగం అందుకోవడానికి ఇంకో 300 మీటర్లూ సాఫీగా ఉన్న రోడ్డు మీకు తెలిస్తే చెప్పండి.

సైకిల్ సంగతీ చెప్పాలి. ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు, ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతూనే ఉంటుంది. ఆపాలంటే కాళ్ళతోనే ఆపాలి. కొనే స్తోమత లేక మొదట పాత సైకిల్ ఫ్రీవీల్ విడిగా తిరగకుండా దానికి వెల్డింగ్ పెట్టించాను. మొదటి రోజే పాప వెనక్కి తొక్కి ఆపబోయింది. ఫ్రీవీల్ మర విప్పుకుని చేతికొచ్చింది. ముందు బ్రేకు తీసెయ్యకుండా ఉంచాను కాబట్టి పిల్ల క్షేమంగా ఉంది. పాతికేళ్ళ అనుభవమున్న మెకానిక్‌కి తట్టాల్సిన సంగతి అది. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, న్యాయమే. తర్వాత అప్పు చేసి, వెనక్కి తొక్కినా విప్పుకోని ఎడమ మర లాక్‌రింగు ఉన్న అసలైన ట్రాక్ హబ్ తెప్పించి చక్రం నేనే అల్లాను.

ఇక కాగితం ముచ్చట. పోయిన వేసవిలో ఒక మైదానానికి వెళ్ళాను. పేరెందుకులెండి. పరుగుల ట్రాక్ బయట చుట్టూ సిమెంటు బాట ఉంది. పొద్దున ఐదింటి నుంచి ఆరింటి దాకా అక్కడ ప్రాక్టీసు చేసుకోనివ్వండని అర్జీ రాయించుకుని వెళ్ళాం. కౌంటర్‌లో ఉన్నాయన ‘సైకిల్’ అన్న మాట దాకా చదివి, కాగితం వెనక్కిచ్చి, ‘స్టాండ్ గేటు పక్కనే ఉంది, టోకెన్ తీసుకోండి’ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పాప నవ్వలేదు. ఇంకో రోజు వెళ్తే ఇంకొకాయన దొరికాడు. మంచివాడే, కూర్చోబెట్టి అంతా విన్నాడు. విని, ‘అమ్మాయికి మెడల్ రానివ్వండి, మంచి సన్మానం ఏర్పాటు చేద్దాం’ అన్నాడు.

ఆ సన్మానం మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. దానికి జవాబుగానే మీకు ఒకాయన కథ చెప్తున్నాను. ఆయన ఫోటో నా షాపు గోడ మీద ఉంది. పంచరు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ఏ దేశం క్రికెటర్ అని అడుగుతుంటారు.

పేరు క్రిస్ హోయ్, బ్రిటన్ సైకిల్ ఆటగాడు. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో 1976లో పుట్టాడు. మొదటి బీఎంఎక్స్ సైకిల్ (మట్టి ట్రాక్ మీద గుట్టలు దూకిస్తూ తొక్కే చిన్న సైకిల్) చర్చిలో పాతసామాన్లు అమ్ముతుంటే 5 పౌండ్లకి కొన్నది. వాళ్ళ నాన్న దానికి రంగేసి బాగుచేసి ఇచ్చాడట. ఈ ఒక్క ముక్క కోసమే నాకు ఆ కుటుంబమంటే చుట్టరికం. ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా బీఎంఎక్స్ పందేలు ఆడాడు. తర్వాత ట్రాక్‌కి వచ్చాడు. రావడానికి ఆ ఊళ్ళో అప్పట్లో ట్రాక్ ఉండేది. మెడోబ్యాంక్ అని, 1970 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన చెక్క ట్రాక్. పైన కప్పు ఉండేది కాదు. చినుకు పడితే ప్రాక్టీసు బందు, అదీ స్కాట్లండ్‌లో! అయినా సరే, పిల్లవాడు వాలు మీద సైకిల్ ఎలా నిలబెట్టాలో నేర్చుకున్నది అక్కడే.

1994లో మాంచెస్టర్‌లో కప్పున్న ట్రాక్ తెరిచారు. మూడేళ్ళకి జాతీయ లాటరీ డబ్బు ఆటగాళ్ళకి అందడం మొదలైంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో టీమ్ స్ప్రింట్‌లో హోయ్‌కి రజతం వచ్చింది. 2004 ఏథెన్స్‌లో కిలోమీటర్ టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి కిలోమీటరు తొక్కే పందెంలో, బంగారం. ఇక తిరుగులేదు అనుకునేలోపు ఆ కిలోమీటర్ పోటీనే ఒలింపిక్స్ నుంచి తీసేశారు, దేనికి చోటివ్వడానికో తెలుసా, బీఎంఎక్స్‌కి! చిన్నప్పుడు ఆడుకున్న ఆటే పెద్దయ్యాక వచ్చి ఆయన కంచం లాగేసుకుంది.

ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారు. ఈయన 2007లో బొలీవియాలోని లా పాజ్ వెళ్ళాడు. మూడు వేల మీటర్ల పైన ఉన్న ఊరు, గాలి పల్చన, అందుకే వేగం. కిలోమీటర్ రికార్డు అప్పటికి ఫ్రాన్స్ ఆటగాడు ఆర్నో టూర్నాన్‌ది, 58.875 సెకన్లు. హోయ్ 58.880లో వచ్చాడు. తేడా సెకనులో వెయ్యింట ఐదు వంతులు. ఆ వేగంలో అదెంత దూరమో లెక్క వేశాను. బెత్తెడు. కిలోమీటరు పొడుగునా ప్రాణం పెట్టి తొక్కి బెత్తెడు దూరంలో రికార్డు పోగొట్టుకున్నాడు. షాపులో కుర్రాళ్ళకి ఇది చెప్పేటప్పుడు నాలుగు వేళ్ళు రిమ్ము మీద పెట్టి చూపిస్తాను.

తర్వాత ముప్పై దాటిన వయసులో స్ప్రింట్, కీరిన్ అనే కొత్త పోటీల మీద పడ్డాడు. కీరిన్ జపాన్ పందెం. ముందు మోటారు బండి వెళ్తుంటే దాని వెనక అందరూ వేగం పెంచుకుంటూ వెళ్ళి, అది పక్కకి తప్పుకోగానే ఒక్కసారిగా విరుచుకుపడతారు. 2008 బీజింగ్‌లో టీమ్ స్ప్రింట్, కీరిన్, స్ప్రింట్, మూడింట్లోనూ బంగారమే. ఒకే ఒలింపిక్స్‌లో మూడు బంగారాలు బ్రిటన్ ఆటగాడికి రావడం వందేళ్ళ తర్వాత అదే. 2012 లండన్‌లో దేశం జెండా ఆయన చేతిలోనే ఉంది, ముప్పై ఆరేళ్ళ వయసులో ఇంకో రెండు బంగారాలు. మొత్తం 6 బంగారాలు, 1 రజతం, 11 ప్రపంచ టైటిళ్ళు. బీజింగ్ స్ప్రింట్ ఫైనల్లో ఆయన ఓడించిన జేసన్ కెన్నీ, అదీ సొంత జట్టువాడే, తర్వాత 7 బంగారాలతో ఆయన్ని దాటాడు. ఒకడు వెళ్ళాక ఇంకొకడు తయారుగా ఉన్నాడన్నమాట.

సన్మానం చేస్తానన్న పెద్దాయనకి నేను చూపించాలనుకున్నవి ఈ తేదీలే. మాంచెస్టర్ ట్రాక్ 1994లో. బీజింగ్‌లో ట్రాక్ సైక్లింగ్‌లో ఉన్న 10 బంగారాల్లో 7 బ్రిటన్ ఎత్తుకుపోయింది 2008లో. మధ్యలో పద్నాలుగేళ్ళు. వాళ్ళు ముందు ట్రాక్ కట్టారు, మెడల్ కోసం తర్వాత కాచుకున్నారు.

పరాయి దేశం సంగతి మనకెందుకంటారేమో, మన లెక్కా అంతే. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకి ఇండోర్ వెలోడ్రోమ్, అంటే కప్పున్న సైకిల్ ట్రాక్, కట్టారు. అండమాన్ నికోబార్ నుంచి వచ్చిన ఈసో ఆల్బెన్ అక్కడ తయారయ్యాడు. 2018లో జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్‌లో రజతం తెచ్చాడు. మరుసటి ఏడు జర్మనీలో మన జూనియర్ కుర్రాళ్ళు టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ విజేతలయ్యారు. ఆ జట్టులోనే ఉన్న మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ 2022లో అదే ఢిల్లీ ట్రాక్ మీద ఆసియా సీనియర్ స్ప్రింట్ రజతం గెలిచాడు. ట్రాక్ కట్టిన ఎనిమిదేళ్ళకి మొదటి ప్రపంచ పతకం. మా పాప మాత్రం వీళ్ళెవరినీ కాదని డెబోరా హెరాల్డ్ ఫోటో మంచం పక్కన అంటించుకుంది. ఆమెదీ అండమానే. తొమ్మిదేళ్ళప్పుడు సునామీలో చెట్టు పట్టుకుని రోజుల తరబడి బతికి బయటపడ్డ పిల్ల, పెద్దయ్యాక దేశానికి స్ప్రింట్ తొక్కింది.

బెంగళూరుకి ఈ సంగతి కొత్త కూడా కాదు. ఈత చూడండి. బసవనగుడిలో మంచి కొలను ఉండబట్టే కదా ఈ ఊరి నుంచి ఒలింపిక్స్‌కి ఈతగాళ్ళు వెళ్ళింది. పరిగెత్తేవాళ్ళకి కంఠీరవ స్టేడియంలో ట్రాక్ ఉంది. తొక్కేవాళ్ళకి ఏముంది?

విజయపుర ఉంది కదా అంటారు. నిజమే, మన రాష్ట్రంలో సైకిల్ పందెమంటే విజయపుర, బాగల్‌కోటె పిల్లల తర్వాతే ఎవరైనా. ఎదురుగాలిలో మట్టిరోడ్ల మీద నేర్చుకుని నేషనల్స్‌లో పతకాలు కొట్టే పిల్లలు వాళ్ళు. అక్కడి వెలోడ్రోమ్ పని ఎన్నేళ్ళు సాగిందో మీకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళకి చెయ్యాల్సింది ముందు చెయ్యండి, వాళ్ళ నోటి దగ్గరిది లాక్కుని మాకు పెట్టమని అడగను. కానీ అది ఇక్కడికి ఐదొందల కిలోమీటర్ల పైన. స్కూలుకెళ్ళే పిల్ల వారానికి మూడుసార్లు అక్కడికెళ్ళి ఎలా నేర్చుకుంటుంది?

రోడ్డు మీద ఎందుకు కుదరదో పోయిన సంక్రాంతికి నాకు బాగా అర్థమైంది. చుట్టాలింటికని హైదరాబాద్ వెళ్ళాం. ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడలకి కట్టిన వెలోడ్రోమ్ ఉంది, చూసొద్దామని పాపని తీసుకెళ్ళాను. అక్కడ ఒక కోచ్ దయతలచి సైకిల్ ఇచ్చి పది నిమిషాలు తొక్కనిచ్చాడు. మొదటి రెండు చుట్లు పాప కింది అంచు వదల్లేదు. మూడో చుట్టులో ఆయన, ‘పైకి పో అమ్మా, నెమ్మదిస్తేనే జారతావు, తొక్కితే పడవు’ అని అరిచాడు. మలుపులో పిల్ల పైకి ఎక్కింది. కింద నిలబడ్డ నాకు చక్రం పైభాగమూ, ఆమె హెల్మెటూ మాత్రమే కనబడ్డాయి. తర్వాత పైనుంచి విడిచిన రాయిలా దిగింది. కేకతో టైము పెట్టుకున్నా సరే, మా లేఅవుట్ రోడ్డులో ఎన్నడూ రాని వేగమది. దిగి చెప్పిన మొదటి మాట, ‘నాన్నా, ఇన్నాళ్ళూ నేను నేర్చుకున్నది ఇది కాదు.’

కప్పున్న చెక్క ట్రాక్ నేను అడగడం లేదు, మంత్రిగారూ. ఊరి అంచున ఎక్కడైనా ప్రభుత్వ స్థలంలో ఎండకి ఎండే, వానకి తడిసే మామూలు కాంక్రీటు ట్రాక్ చాలు. దాని వాలు మాత్రం తెలిసినవాళ్ళచేత లెక్క కట్టించండి, ఆ పని మామూలు రోడ్డు కాంట్రాక్టరు చేతిలో పెట్టొద్దు. ఓ పది ట్రాక్ సైకిళ్ళు అక్కడే ఉంచి పిల్లలకి అద్దెకో అప్పుకో ఇవ్వండి. వెల్డింగ్ ఫ్రీవీళ్ళతో ఇంకే తండ్రీ నాలాంటి పని చెయ్యకూడదు. ఆ సైకిళ్ళ రిపేరు వారానికి ఒక పూట నేను ఊరికే చేస్తాను, రాసిస్తాను కూడా. ట్రాక్ కట్టడానికి ఏళ్ళు పడుతుందని తెలుసు. అందాకా ఆదివారం పొద్దున ఐదింటి నుంచి ఏడింటి దాకా ఒక్క అర కిలోమీటరు రోడ్డు మూసి పెట్టించండి. ఆదివారాలు కబ్బన్ పార్కులో కార్లు ఆపగలిగిన ఊరు మనది.

మేం ప్రతి ఆదివారం పొద్దున ప్రాక్టీసులోనే ఉంటాం. కొత్తగా ఇంకో రోడ్డు దొరికింది, హంప్ ఇంకా వెయ్యలేదు. మీరొస్తానంటే ముందు రోజు సాయంత్రమే వెళ్ళి కొలిచి ముగ్గు వేసి ఉంచుతాను. మా పాప టైము ప్రస్తుతానికి 14 సెకన్ల చిల్లర. ఆ చిల్లర ఎంతో మా స్టాప్‌వాచ్‌కి సరిగ్గా తెలియదు.

ఇట్లు,
ఒక సైకిల్ మెకానిక్,
కె.ఆర్.పురం, బెంగళూరు.