సింగ్‌నగర్ ఇంటి సంగతులు

తెనాలి,
27 అక్టోబరు 2024

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. మేం క్షేమం. అమ్మ మోకాళ్లకు కొత్త తైలం తెచ్చాను, కాస్త నయం. దసరా తర్వాత నీ ఫోను రాలేదు. పిల్లల పరీక్షలేమో అనుకుంటున్నాం.

నిన్న మళ్లీ విజయవాడ సింగ్‌నగర్‌లోని నీ ఇంటికి వెళ్లాను. సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద నీళ్లు నిలిచిన గీత కింది వాటాలో నా ఛాతీదాకా ఉంది. దానికి అడుగు పైదాకా పాత పూత చెక్కించేశాను. స్విచ్ బోర్డులు విప్పిస్తే లోపలంతా ఎండిన బురదే, వైర్లు మార్చక తప్పదు. సంపు రెండుసార్లు కడిగించి బ్లీచింగ్ వేయించాను. తలుపులు ఉబ్బాయి. ఆరాక చిత్రిక పట్టిస్తే సరిపోతుంది, కొత్తవి కొనకు.

దీపావళి లోపు లప్పం పెట్టి రంగు వేసేస్తానని మేస్త్రీ నీకు వాట్సాప్‌లో చెప్పాడట. ఒప్పుకోకు. 1977 ఉప్పెన తర్వాత అవనిగడ్డ ఇంట్లో మీ తాతయ్య చేసిన పని ఇదే. మాఘమాసంలో పెద్దత్త పెళ్లి. ఇంటి గోడలు మరకలతో ఉంటే వియ్యాలవారి ముందు పరువు పోతుందని, అప్పు తెచ్చి మరీ పూత పూయించి సున్నం కొట్టించాడు. వారం రోజులు ఇల్లు మల్లెపువ్వులా ఉంది. తర్వాత గోడంతా తెల్లటి ఉప్పు పొంగింది. పెళ్లివారు దిగిన రాత్రి, పడుకున్నవాళ్ల మీద పెచ్చులు రాలాయి. నేనూ చిన్నాన్నా తెల్లవారేదాకా చీపురు పట్టుకుని ఊడుస్తూనే ఉన్నాం. వేసవిలో మళ్లీ అంతా గీకించి మొదటినుంచి చేయించాడు. ఆ అప్పు తీరేసరికి నాకు ఉద్యోగం వచ్చింది. అందుకని చెబుతున్నాను, గోడకు పాలిథిన్ కాగితం నాలుగు వైపులా అతికించి మర్నాడు చూస్తాను. లోపల చెమ్మ పట్టినన్నాళ్లు పూత వద్దు. డబ్బు కూడా పని అయినంతవరకే పంపు, మొత్తం ఒకేసారి ఇవ్వకు. ప్రతి పనికీ ముందూ వెనకా ఫొటో అడుగు.

అద్దెకున్నవాళ్ల విషయం. కింది అంతస్తు వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు వాళ్ల ఖాతాలో పడ్డాయి. అందులోంచి బాకీ అద్దె తీసుకుందామన్నావు, నేను గొంతు పెంచాను. పండగ పూట అలా అరవకుండా ఉండాల్సింది. కానీ తల్లీ, ఆ ఇల్లాలి కుట్టు మిషను, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. ఆ డబ్బు వాళ్ల సామానుకే చాలదు. ఇల్లు బాగయ్యేదాకా అద్దె అడగవద్దు. నాలుగేళ్లలో ఒక్క నెల కూడా ఆలస్యం చేయని మనుషులు మళ్లీ దొరకరు.

నువ్వు ఇల్లు అమ్మేస్తావని కొత్తపేట అత్తయ్య అంటోంది. నిజమా? నా మాటలకు కోపం వచ్చి కాదు కదా? ఇల్లు నీది, నీ ఇష్టం. అయితే గోడమీద నీటి గీత కనబడుతుండగా కొనేవాడు సగం ధరే అడుగుతాడు. వేసవి దాకా ఆగు.

అక్కడ చలి మొదలైందట. చిన్నదానికి చెవులు కప్పి పంపు. నీకు దగ్గు తగ్గిందా? మిరియాల పొడి, కరక్కాయ పార్సిల్‌లో పెట్టాను.

దీపావళినాడు ఇంట్లోనే ఉంటాను. అక్కడ ఎంత పొద్దుపోయినా సరే, ఫోను చెయ్యి.

మీ నాన్న