2024 వార్షిక నివేదిక: గ్రహణం, స్టాళ్లు, స్పాన్సర్లు

న్యూజెర్సీలోని మన అమెచ్యూర్ ఖగోళ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఆకాశం మనల్ని ఇంట్లో కూర్చోనివ్వలేదు. ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం, మే 10 రాత్రి న్యూజెర్సీ దాకా దిగివచ్చిన అరోరా (ధ్రువకాంతి), అక్టోబర్‌లో సుచిన్షాన్-అట్లాస్ తోకచుక్క. గ్రహణానికి వెర్మాంట్ వెళ్లినవాళ్లకు బర్లింగ్టన్ మీద పల్చటి మబ్బు తప్ప అడ్డేమీ లేకపోయింది. బఫలో దారి పట్టినవాళ్లు పట్టపగలు చీకటి పడటం చూశారు గానీ సూర్యుణ్ణి మబ్బులు మింగేశాయి. మర్నాడే ఉగాది. రాత్రంతా ట్రాఫిక్‌లో గడిపి తెల్లారుజామున ఇల్లు చేరి, వేపపువ్వు ఎవరి దగ్గరైనా ఉందా అని గ్రూపులో అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ ఫోటోలన్నీ మీరు చూసేశారు కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పను. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా పంపారు.

కార్యవర్గం ఈసారి ఎక్కువగా వాదులాడుకున్నది ఇంకో విషయం మీద. పరికరాలు అమ్మేవాళ్లతో, స్పాన్సర్లతో మనం ఎంత దగ్గరగా ఉండాలి, ఎంత దూరంగా ఉండాలి అన్నది. దాని గురించే కాస్త వివరంగా రాస్తున్నాను.

సఫర్న్‌లో చూసింది

మనకు దగ్గర్లోనే, న్యూయార్క్ రాష్ట్రం సఫర్న్‌లోని రాక్‌లాండ్ కమ్యూనిటీ కాలేజీలో వసంతంలో జరిగే నార్త్‌ఈస్ట్ ఆస్ట్రానమీ ఫోరమ్ మీకు తెలిసిందే. అందరూ నీఫ్ అంటారు. దాన్ని నడిపేది రాక్‌లాండ్ ఆస్ట్రానమీ క్లబ్, అంటే మనలాంటి అమెచ్యూర్ల సంఘమే. దానికి ముందు రెండు రోజులు ఫోటోలు తీసేవాళ్ల కోసమే ఇమేజింగ్ కాన్ఫరెన్స్ పెట్టడం అక్కడి ఆనవాయితీ. నీఫ్‌కి ఫీల్డ్‌హౌస్ నిండా స్టాళ్లు, బయట పచ్చిక మీద సూర్యుణ్ణి చూపించే టెలిస్కోపులు. కొత్త సభ్యులను అక్కడికి ఒంటరిగా పంపడమంటే తిరనాళ్లలో పిల్లాడి చేతికి పర్సు ఇచ్చి వదిలేయడమే. అందుకే ఈసారి కొత్తవాళ్లకు తోడుగా ఒక్కో పాత సభ్యుణ్ణి పంపాం.

ఇలాంటి సమావేశాలు టికెట్ డబ్బుతో మాత్రమే నడవవు. హాలు ఖర్చు, వక్తల ప్రయాణాలు, భోజనాలు కలిపితే లెక్క చాలా దూరం పోతుంది. స్పాన్సర్ల సొమ్ము, స్టాళ్ల అద్దె ఆ ఖాళీని పూడుస్తాయి. బదులుగా స్పాన్సర్‌కి బ్యానర్ మీద లోగో, నలుగురూ తిరిగే చోట బల్ల, లక్కీ డ్రాలో తన వస్తువు పేరు చదివించుకునే అవకాశం దొరుకుతాయి. కొన్నిచోట్ల ప్రసంగాల జాబితాలో అరగంట కూడా దొరుకుతుంది. చెవులు రిక్కించుకుని వినాల్సింది ఆ అరగంటనే. కంపెనీ మనిషి చెప్పేది తప్పని కాదు. తన వస్తువు లోతుపాతులు ఆయనకన్నా ఎవరికీ తెలియవు. కానీ కెమెరాను నడపడానికీ, ఫోటోలు దిద్దడానికీ ఉచితంగా దొరికే సిరిల్, నీనా లాంటి సాఫ్ట్‌వేర్‌ల పేరు ఆయన నోట రాదు. కెమెరానూ టెలిస్కోపునూ నడిపే తమ కంట్రోలర్ డబ్బా ఎంత సులువో చెప్తారు, అది ఏయే కెమెరాలతో పనిచేయదో మనం అడిగితేనే చెప్తారు. కెమెరాలు చేసే జెడ్‌డబ్ల్యూఓ కంపెనీ వాళ్ల ఏఎస్ఐఎయిర్ డబ్బానే చూడండి. ఆకాశం తీసే ప్రత్యేక కెమెరాల్లో అది తమవాటినే నడుపుతుంది. ఆ కంపెనీ కెమెరా ఉన్నవాళ్లకు హాయి. వేరే కంపెనీది ఇప్పటికే కొనుక్కున్నవాళ్లు ముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

అమ్మేవాళ్లందరూ ఒకలాంటివాళ్లే అనుకోకూడదని ఫిల్టర్ల స్టాల్ దగ్గర తెలిసింది. మన సభ్యుల్లో ఒకరికి ఎఫ్ 2 రాసా టెలిస్కోపు (తక్కువ సమయంలో ఎక్కువ కాంతి పట్టే "వేగమైన" రకం) ఉంది. ఎడిసన్ ఊరి వీధిదీపాల మధ్య నుంచి నెబ్యులాలు తీయాలంటే, ఒక సన్నటి రంగు పట్టీని మాత్రమే లోపలికి వదిలే నారోబ్యాండ్ ఫిల్టర్ తప్పదు. 3 నానోమీటర్ల పట్టీని వదిలే ఫిల్టర్ బేరం కూడా అయిపోయి ఆయన కార్డు తీశారు. స్టాల్‌లో ఉన్న పెద్దాయన "ఏ టెలిస్కోపుకి?" అని అడిగి, జవాబు వినగానే డబ్బా తీసి బల్ల కింద పెట్టేశారు.

ఎందుకంటే ఎఫ్ 2 లో కాంతి ఫిల్టర్ మీద బాగా ఏటవాలుగా పడుతుంది. ఏటవాలు పెరిగేకొద్దీ ఫిల్టర్ వదిలే కాంతి నీలం వైపుకి జరుగుతుంది. నెబ్యులాల్లోని హైడ్రోజన్ వెలిగే ఎర్రటి కాంతి, అంటే హైడ్రోజన్ ఆల్ఫా గీత, ఉండేది 656.3 నానోమీటర్ల దగ్గర. 3 నానోమీటర్ల సందు కాస్త పక్కకి జరిగితే మనకు కావలసిన గీత చాలావరకు బయటే ఉండిపోతుంది. ఇలాంటి వేగమైన టెలిస్కోపుల కోసం ముందే కొద్దిగా ఎరుపు వైపుకి జరిపి చేసిన ఫిల్టర్లు వేరే ఉంటాయి. అవి తన దగ్గర లేవనీ, నాలుగు బల్లల అవతల దొరుకుతాయనీ ఆయనే చెయ్యి చూపించారు. మధ్యాహ్నం మనవాళ్లు కేబుళ్లు, అడాప్టర్లు వెతుక్కుంటూ మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లారంటే వింతేముంది.

హార్మోనిక్ గేర్లున్న తేలికపాటి మౌంట్ల (టెలిస్కోపును మోసి నక్షత్రాల వెంట తిప్పే స్టాండ్ల) ముందు ఎప్పుడూ జనమే. పెన్సిల్వేనియాలో ఆకాశం చీకటిగా ఉండే చెర్రీ స్ప్రింగ్స్ పార్కుకి బరువులు మోసి నడుము పట్టేసినవాళ్లకు వాటి మీద మోజు సహజం. మామూలు గేర్లుండే లాస్మాండీ జీ11 మౌంట్ తలకాయే దాదాపు 16 కిలోలు, దానికి తోడు ఎదురు బరువులు. ఏఎమ్5 లాంటి హార్మోనిక్ మౌంట్ 5 కిలోలే ఉండి, ఎదురు బరువు లేకుండానే 13 కిలోల దాకా మోస్తుంది. అయితే ఈ రకం గేర్లకు నక్షత్రాన్ని అటూ ఇటూ ఊపే గుణం ఉంది. గైడింగ్ (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ని సరిదిద్దుతూ ఉండటం) లేకుండా నిమిషం ఎక్స్‌పోజర్ ఇస్తే చుక్కలు గీతలవుతాయి. స్టాల్‌లో చూపించే పరీక్ష గ్రాఫ్ శాంపిల్‌దా, మీరు ఇంటికి తీసుకెళ్లే మౌంట్‌దా అని అడగండి. పెట్టెలో దాని సొంత పరీక్ష కాగితం పెట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారు.

ఇక స్టాళ్ల వెనక వేలాడే పెద్ద పెద్ద పోస్టర్లు. అవి చూసి కొనొద్దని నా సలహా. ఎక్కడి ఆకాశం, మొత్తం ఎన్ని గంటల ఎక్స్‌పోజర్, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తో పదును పెట్టారు అని అడగండి. చిలీ కొండల మీద గంటల తరబడి తీసి, బ్లర్‌ఎక్స్‌టెర్మినేటర్‌తో చుక్కలు బిగించిన ఫోటోకీ, ఐస్లిన్‌లో మీ డెక్ మీద నుంచి తీసే ఫోటోకీ టెలిస్కోపు ఒకటే కావచ్చు. మిగతాదేదీ ఒకటి కాదు.

ఓరియన్, మీడ్ మూతపడటం

జూలైలో టెలిస్కోపు కంపెనీలు ఓరియన్, మీడ్ రెండూ దుకాణం కట్టేశాయి. మనలో చాలామంది మొదటి డాబ్సోనియన్ (సాదా స్టాండు మీద కూర్చునే అద్దం టెలిస్కోపు) ఓరియన్‌దే. ఈ కథ వెనక కోర్టు కేసు ఉంది. టెలిస్కోపుల ధరల్లో కుమ్మక్కయ్యారని ఓరియన్ వేసిన దావాలో 2019లో శాన్ హోసే ఫెడరల్ కోర్టు జ్యూరీ చైనా టెలిస్కోపు తయారీదారు నింగ్బో సన్నీ మీద తీర్పిచ్చి, 1.68 కోట్ల డాలర్ల నష్టపరిహారం తేల్చింది. యాంటీట్రస్ట్ చట్టం ప్రకారం అది మూడింతలై 5 కోట్లు దాటింది. నింగ్బో సన్నీ చేతిలో ఉన్న మీడ్ అదే డిసెంబర్‌లో దివాలా రక్షణ కోరింది. 2021లో మీడ్‌ని ఓరియనే తీసుకుంది. మూడేళ్లు తిరిగేసరికి రెండూ లేవు.

కేసు గెలిచిన కంపెనీయే నిలవలేదంటే, బ్యానర్ మీద పెద్ద లోగో ఉందని ధీమా పడటానికి లేదు. అందుకే ఇకమీదట మన డ్రాల్లో ఏ కంపెనీ గిఫ్ట్ కార్డూ బహుమతిగా పెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది. వస్తువు చేతికి వస్తేనే బహుమతి.

మనకు వచ్చిన ఉత్తరం

మన దీపావళి సమావేశానికి ఒక టెలిస్కోపు ఉచితంగా ఇస్తామని ఓ అమ్మకందారు సెప్టెంబర్‌లో రాశారు. పేరు ఇక్కడ అనవసరం. బదులుగా అరగంట ప్రసంగం, సభ్యుల ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లు, పైగా మన సంఘానికి "ఏకైక అధికారిక భాగస్వామి" అన్న హోదా అడిగారు. కార్యవర్గంలో సగం మంది ఒప్పేసుకుందామన్నారు. పిల్లలకు ఓ మంచి టెలిస్కోపు వస్తుంది కదా అన్న వాదన తీసిపారేయదగ్గది కాదు.

చివరికి తేలిందిది. సభ్యుల నంబర్లు ఎవరికీ ఇవ్వం, ఇందులో చర్చ లేదు. ఏకైక హోదా కూడా ఇవ్వం. లాభాపేక్ష లేని సంఘంగా మనకు పన్ను చిక్కు కూడా ఉంది. స్పాన్సర్ పేరు, లోగో వేసి కృతజ్ఞతలు చెప్తే ఆ సొమ్ముకి పన్ను లేదు. ధరలు చెప్పి, మిగతావాటికన్నా ఇదే మేలు, కొనండి అన్నామంటే అది ప్రకటన అవుతుంది. ఒక్కరి సరుకే అమ్మాలన్న ఒప్పందమైతే మరీ చిక్కు. ప్రసంగానికి ఒప్పుకున్నాం గానీ, మొదటి స్లైడ్‌లోనే తాను ఏ కంపెనీ తరఫున మాట్లాడుతున్నదీ చెప్పాలన్నాం. దానికి వాళ్ల నుంచి జవాబు రాలేదు. టెలిస్కోపూ రాలేదు.

డ్రా సంగతి కూడా చెప్పాలి. న్యూజెర్సీలో టికెట్ అమ్మి రాఫిల్ పెట్టాలంటే రాష్ట్రం దగ్గర నమోదు, ఊరి లైసెన్సు రెండూ ఉండాలి. ఆ టెన్షన్ మనకెందుకని, వచ్చినవాళ్లందరికీ ఉచితంగా చీటీ ఇచ్చి పేర్లు తీశాం. స్థానిక దుకాణాలు షరతులేమీ లేకుండా ఇచ్చిన ఎర్ర టార్చ్‌లైట్లు, ప్లానిస్ఫియర్లు (తిప్పి చూసుకునే నక్షత్ర పటాలు) పిల్లలకు దక్కాయి.

సీస్టార్ గురించి అడిగేవాళ్లకు

ఇండియాలో ఉన్న తమ్ముళ్లకీ, మేనకోడళ్లకీ సీస్టార్ ఎస్50 (తనంతట తానే ఫోటోలు తీసే చిన్న స్మార్ట్ టెలిస్కోపు) తీసుకెళ్లొచ్చా అని ఏడాది పొడవునా అడుగుతూనే ఉన్నారు. 2024లో ఇక్కడ సుమారు 500 డాలర్లకు దొరికేది. 2024 నాటి నిబంధన ప్రకారం మీ వెంట తెచ్చే వస్తువులన్నీ కలిపి 50,000 రూపాయల దాకా సుంకం ఉండేది కాదు, కాబట్టి ఇదొక్కటే అయితే సరిపోయేది. బిల్లు దగ్గర ఉంచుకోండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కనుక చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. ఇక్కడి వారంటీ అక్కడ చెల్లుతుందా అన్నది కొనేటప్పుడే కాగితం మీద రాయించుకోండి.

వచ్చే ఏడాదికి

కంపెనీల తరఫున మాట్లాడేవాళ్లు ముందే ఆ సంగతి చెప్పాలన్న నియమాన్ని, మన సభ్యులకు కూడా వర్తించేలా, జనవరి సర్వసభ్య సమావేశంలో ఓటుకి పెడుతున్నాం. ఏదైనా కంపెనీ నుంచి ఉచితంగా కెమెరా తీసుకుని దాని గురించి మన సమావేశంలో చెప్పే సభ్యుడు కూడా ఆ మాట చెప్పాలి. దీనికి ఇద్దరు అభ్యంతరం తెలిపారు. వాళ్ల వాదన కూడా ఎజెండాతో పాటు పంపుతాం.

2025 మార్చి 13 రాత్రి, 12 దాటాక (అంటే 14 తెల్లవారేలోపు) సంపూర్ణ చంద్రగ్రహణం. సంఘం డాబ్సోనియన్, రెండు బైనాక్యులర్లు తీసుకున్నవాళ్లు మార్చి మొదటి వారంలోగా కోశాధికారి గారింటికి చేర్చండి. డాబ్సోనియన్ అద్దం మాత్రం దయచేసి ఎవరూ తుడవకండి.

కార్యదర్శి